రాత్రి రెండింటికి ఎవరు లేస్తారో కనుక్కోండి

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్ళు. పుట్టిల్లు ఇచ్ఛాపురం, మెట్టినిల్లు బరంపురం. నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. పోయిన చలికాలంలో బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేయించాం, వాకరుతో నడుస్తోంది. ఈమధ్య మరుపు బాగా ఎక్కువైంది. నేను విశాఖలో, తమ్ముడు సూరత్‌లో. ఇంట్లో పెట్టిన మనుషుల్లో మూడో ఆవిడ కూడా మానేసింది. ఊళ్ళోనే రెండు వృద్ధాశ్రమాలు చూశాను. ఒకటి హైవే పక్కన కొత్త బిల్డింగు, నెలకు 18 వేలు, లక్ష డిపాజిట్టు. తోట, గుడి, ప్రతి గదిలో టీవీ ఉన్నాయి. రెండోది ఊరి మధ్యలో పాత ఇల్లు, 11 వేలు, 14 మంది ఉంటున్నారు. ఇలాంటివాటికి ప్రభుత్వం ఏమైనా ప్రమాణాలు పెట్టిందా? ఏది మంచిదో ఎలా తెలుసుకోవాలి? అమ్మ ఇల్లు తన పేర రాస్తే ఖర్చంతా తానే పెట్టుకుంటానని తమ్ముడు అంటున్నాడు. మా మేనత్త మాత్రం "కన్నతల్లిని ఆశ్రమంలో పడేస్తారా" అని ఊరంతా చెబుతోంది. — ఒక కూతురు

సమాధానం:

అమ్మా, మీ మేనత్తగారి సంగతి ముందు తేల్చేద్దాం. ఆవిడ ఓ నెల రోజులు వచ్చి మీ అమ్మగారి పక్కన పడుకుంటానంటే అప్పుడు ఆవిడ మాట వినండి. ముగ్గురు మనుషులు మానేసిన ఇంట్లో, వాకరు పట్టుకుని నడిచే, మరుపొచ్చిన మనిషి ఒంటరిగా ఉండడం కంటే మంచి ఆశ్రమం నయం. ఆ "మంచి" ఎలా కనిపెట్టాలన్నదే మిగిలిన ప్రశ్న.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తోట గురించి రాశారు, గుడి గురించి, టీవీ గురించి రాశారు. రాత్రి గురించి ఒక్క ముక్క లేదు. మీ తప్పని కాదు, అందరం పగలే వెళ్ళి చూస్తాం. నేను ముప్పై ఏళ్ళకు పైగా వార్డుల్లో పనిచేశాను, అందులో సగం రాత్రి డ్యూటీలే. పెద్దవాళ్ళు పడేది రాత్రి, ఉక్కిరిబిక్కిరయ్యేది రాత్రి, పక్క తడుపుకుని తెల్లారేదాకా అందులోనే పడి ఉండేదీ రాత్రే. అందుకని ఆ రెండు చోట్లా మీరు మొదట అడగాల్సింది ఇది: రాత్రి రెండు గంటలకు మా అమ్మ లేస్తే ఎవరు లేస్తారు?

"ఎప్పుడూ మనిషి ఉంటుందండీ" అంటారు. అక్కడ ఆగిపోకండి. ఎంతమంది ఉంటారు? మెలకువగా ఉంటారా, పడుకుంటారా? పడుకుంటే ఎక్కడ? పగలంతా గిన్నెలు తోమి, గదులు తుడిచిన ఆయాయే రాత్రికీ ఉంటే ఆవిడ లేవదు, లేవలేదు. ఆవిడా మనిషే. పద్నాలుగు మందిలో ముగ్గురు నలుగురు మంచం మీదే ఉండేవాళ్ళయితే రాత్రికి ఒక్క మనిషి చాలదని నా అభిప్రాయం. ఇద్దరుండాలి, వాళ్ళలో ఒకరైనా మెలకువగా ఉండాలి. పేర్లు చెప్పమనండి. పేర్లు చెప్పడానికి తడుముకున్నారంటే అక్కడ రాత్రికి ఎవరూ లేరన్నమాట.

ఇక ప్రమాణాల సంగతి. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. దాని 19వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వాలు జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, ఆదరువు లేని 150 మందికి సరిపోయేలా పెట్టవచ్చు, వాటి నిర్వహణకు, సేవలకు ప్రమాణాలు నిర్ణయించవచ్చు. "పెట్టవచ్చు" అన్న మాట చూశారుగా. ఇక డబ్బు తీసుకుని నడిపే ప్రైవేటు ఇళ్ళ మాటకొస్తే, దేశమంతటికీ వర్తించే ఒకే లైసెన్సు పద్ధతి లేదు. అలాంటివన్నీ రిజిస్టరు చేయించాలని, కనీస ప్రమాణాలు పాటించాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో ఒక సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే 2024లో ఆ సభ గడువు ముగిసింది, బిల్లూ దాంతోపాటే పోయింది. ట్రస్టు పత్రం, సొసైటీ రిజిస్ట్రేషను కాగితం ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తారు. అవి ఆ సంస్థ ఉందని చెబుతాయి, మీ అమ్మగారిని రాత్రి ఎవరు పట్టుకుంటారో చెప్పవు. అడగాల్సిన కాగితం ఒకటుంది, అగ్నిమాపక శాఖ ఇచ్చిన ధ్రువపత్రం. అది చూపించమనండి.

కాబట్టి ఇన్‌స్పెక్టరు మీరే. ఎలా చూడాలో చెబుతాను.

ముందు చెప్పి వెళ్ళొద్దు. విశాఖ నుంచి సాయంత్రం దిగే రైలు చూసుకుని, ఎనిమిది, ఎనిమిదిన్నరకు తలుపు తట్టండి. అప్పటికి భోజనాలు అయిపోయి ఉంటే ఎన్నింటికి పెట్టారో అడగండి. చాలా చోట్ల వంటమనిషి ఇంటికి పోవాలని ఆరింటికే పెట్టేస్తారు. మళ్ళీ టీ ఉదయం ఏడింటికి. మధ్యలో పదమూడు గంటలు. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళకు ఆ మధ్యలోనే, తెల్లవారుజామున, షుగరు పడిపోయి చెమటలు పట్టి స్పృహ తప్పుతుంది. మీ అమ్మగారికి షుగరు ఉందో లేదో రాయలేదు. లేకపోయినా పడుకునే ముందు ఓ గ్లాసు పాలో, రెండు బిస్కెట్లో ఇస్తారా అని అడగండి.

తర్వాత బాత్రూం. తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడండి. లోపలికి తెరుచుకునే తలుపయితే, లోపల పడిపోయిన మనిషి దానికి అడ్డంగా పడి ఉంటే బయటినుంచి ఎవరూ తెరవలేరు. బయటికి తెరుచుకోవాలి, గడియ బయటినుంచి కూడా తీసేలా ఉండాలి. కమోడు పక్కన గోడకు కడ్డీ ఉందా? ఉంటే దాన్ని పట్టుకుని మీ బరువంతా వేసి ఊగండి. సిగ్గుపడకండి. టవలు ఆరేసుకునే కడ్డీని బిగించి "సపోర్టు" అని చూపించేవాళ్ళను చూశాను, మనిషి పట్టుకుంటే మేకుతో సహా ఊడి వస్తుంది. మంచం మీద కూర్చుని చూడండి, మీ పాదాలు రెండూ నేలకు ఆనాలి. మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా రాత్రి దీపం ఉండాలి. అరవై అయిదు దాటిన ప్రతి ముగ్గురిలో ఒకరు దాదాపుగా ఏటా ఒకసారైనా పడతారు. మీ అమ్మగారు ఒకసారి పడ్డారు కాబట్టి మళ్ళీ పడే అవకాశం ఇంకా ఎక్కువ.

"ఇక్కడ పడే ప్రసక్తే లేదమ్మా, మేం లేవనివ్వం" అని ఎవరైనా అంటే మాత్రం లేచి వచ్చేయండి. మా పెద్దమ్మను ఒక చోట పెట్టాం. ఊరు, పేరు వద్దులెండి. ఓ ఆదివారం వెళ్ళి గాజులు సరిచేద్దామని చెయ్యి పట్టుకుంటే మణికట్టు చుట్టూ ఉంగరంలా ఎర్రటి ఒరుపు. పాత చీర చించిన పేలికతో రాత్రిళ్ళు మంచం కోడుకు కట్టేస్తున్నారు. "లేచి పడిపోతుందని, ఆవిడ మంచికే" అన్నారు. అదే వారంలో మాత్రల డబ్బా చూస్తే డాక్టరు రాయని నిద్రమాత్ర ఒకటి కనిపించింది. నర్సు చదువు చదివిన నాకే అది కనిపెట్టడానికి మూడు నెలలు పట్టింది. నిద్రమాత్ర వేస్తే పెద్దవాళ్ళు పడరనుకోవడం భ్రమ. మత్తులో లేచి ఇంకా ఎక్కువ పడతారు. కట్టేసిన మనిషి గింజుకుని పడితే దెబ్బ మరీ పెద్దది. చేరేటప్పుడే రాసిమ్మనండి: డాక్టరు చీటీ లేకుండా, మాకు ఫోను చెయ్యకుండా కొత్త మాత్ర వెయ్యం, కట్టెయ్యం, అని. రాయడానికి నసిగారంటే సంగతి మీకు అర్థమైపోతుంది.

అదే సందర్భంలో తాళాల మాట. మరుపున్నవాళ్ళు బయటికి వెళ్ళిపోతారని గ్రిల్లుకు తాళం వేస్తారు, అది సబబే. ఆ తాళంచెవి రాత్రి ఎవరి దగ్గర ఉంటుంది? ఓనరు ఇంటికి పట్టుకుపోతే? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచిన ఒక షెడ్డుకు నిప్పంటుకుని 28 మంది లేవలేక కాలిపోయారు. అది వృద్ధాశ్రమం కాదు. కానీ కట్టేసిన మనిషికి, తాళం వేసిన గదికి నిప్పు దగ్గర తేడా ఏమీ ఉండదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలా గొలుసులు వెయ్యడాన్ని నిషేధించింది.

నీళ్ళ గురించి ఎవరూ అడగరు, అడగాల్సింది అదే. సాయంత్రం అయిదు దాటాక నీళ్ళు తగ్గించేస్తారు, రాత్రి డైపరు మార్చే పని తప్పుతుందని. పెద్దవాళ్ళు కూడా లేవాలంటే భయమేసి తాగరు. నాలుగు రోజులకు మూత్రంలో ఇన్‌ఫెక్షను వస్తుంది. జ్వరం రాకపోవచ్చు, మంటా చెప్పకపోవచ్చు. ఉన్నట్టుండి సంబంధం లేకుండా మాట్లాడతారు, గోడ మీద చీమలున్నాయంటారు, కొడుకును పట్టుకుని తండ్రి అంటారు. "మతి పోయింది, వయసు" అని వదిలేస్తారు. మీ అమ్మగారు రెండు మూడు రోజుల్లోనే అలా మారిపోతే అది మరుపు ముదరడం కాదు, ఏదో జబ్బు ఉందని లెక్క. వెంటనే మూత్రం, రక్తం, షుగరు పరీక్ష చేయించాలి. ఈ మాట ఆశ్రమంవాళ్ళకూ చెప్పి పెట్టండి.

మంచాన ఉన్నవాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుళ్ళు పడతాయి. గాలి పరుపు వేశాం కదా అంటారు. పరుపు తిప్పదు కదా! మంచి చోట్ల దీనికో రిజిస్టరు ఉంటుంది. అడిగి చూడండి. పది, పన్నెండు, రెండు, నాలుగు అని నెలంతా ఒకే పెన్నుతో, ఒకే దస్తూరితో, ఒకే వాలుగా రాసి ఉంటే అది ఒక మధ్యాహ్నం కూర్చుని రాసింది. మేమూ రాశాం ఒకప్పుడు, అందుకే తెలుసు.

ఇప్పుడు బరంపురానికే ప్రత్యేకమైన మాట చెప్పాలి. హైదరాబాదు నుంచి ఎవరైనా సలహా రాస్తే ఇది వాళ్ళకు తట్టదు. మీ అమ్మగారు ఇచ్ఛాపురం ఆడపడుచు. కాపురానికి వచ్చి బజార్లో, పాలవాడితో, ఇరుగుపొరుగుతో నలభై యాభై ఏళ్ళు ఒడియా మాట్లాడి ఉంటారు. మరుపు ముదిరేకొద్దీ చాలామందిలో తర్వాత నేర్చుకున్న భాష ముందు పోతుంది, తల్లి దగ్గర నేర్చుకున్నది మిగులుతుంది. ఆశ్రమంలో పనిచేసే అమ్మాయిలు చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చిన ఒడియావాళ్ళు. నా కళ్ళముందు జరిగింది చెబుతాను. ఓ పెద్దావిడ నుదురు పట్టుకుని కూర్చుంది. పాపం ఆ ఆయా ప్రేమగానే "మావుసీ, ముండొ బింధుచి కి?" అంది. పిన్నీ, తలనొప్పిగా ఉందా అని. మన పెద్దావిడ చెవిలో పడింది ఆ "ముండొ" అన్న మాట ఒక్కటే. "ఎవత్తివే నువ్వు, నన్ను ముండ అంటావా" అని స్టీలు గ్లాసు విసిరింది. ఆ రోజు రిజిస్టరులో ఏం రాశారో తెలుసా? "పేషెంటు కొడుతోంది." అలా రాశాక నిద్రమాత్ర ఎంతో దూరంలో ఉండదు.

అందుకని, రాత్రి మనిషికి తెలుగు వచ్చా అన్నది ఫ్యాను ఉందా, ఏసీ ఉందా అన్నదానికంటే పెద్ద ప్రశ్న. బరంపురంలో తెలుగు వచ్చిన ఆయాలు దొరక్కపోరు. దొరకకపోతే ఒక అట్ట మీద ఎడమవైపు మీ అమ్మగారు అనే మాటలు, తెలుగు మాటలే, ఒడియా అక్షరాల్లో రాయించండి. కుడివైపు ఒడియాలో అర్థం. కళ్ళు తిరుగుతున్నాయి, గుండెల్లో మంట, దాహం, చలి, ఒంటికి వెళ్ళాలి, దొడ్డికి వెళ్ళాలి. పుస్తకంలో మాటలు వద్దు. ఆవిడ నోట ఎలా వస్తుందో అలాగే. మంచం తలవైపు అతికించండి. ఆవిడను ఇంట్లో ఏమని పిలుస్తారో అది కూడా పైన రాయండి.

జుట్టు గురించీ ముందే అడగండి. పేలు పడతాయని, దువ్వడానికి తీరిక లేదని చేరిన వారానికే కత్తిరించేస్తారు, చీర మాన్పించి నైటీ వేసేస్తారు. నైటీ సరే, తడిస్తే మార్చడం తేలిక. జుట్టు మాత్రం ఆవిడను అడక్కుండా ముట్టుకోవద్దని చెప్పండి. అద్దంలో చూసుకుని తనను తాను పోల్చుకోలేని మనిషికి అదో దెబ్బ.

ఇంకోటి, అక్టోబరు. 2013లో ఫైలిన్ తుఫాను అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస వైపు దాటి గజపతి జిల్లాను ముంచింది. ఫైలిన్ తర్వాత బరంపురంలో కరెంటు లేక ఎన్ని రోజులు గడిపామో మీకు గుర్తుండే ఉంటుంది. జనరేటరు ఉందా అని అడగండి, ఉంటే ఆన్ చేసి చూపించమనండి, డీజిలు ఎంత నిల్వ ఉంచుతారో అడగండి. మోటారు నడవకపోతే నీళ్ళెలా? ఇన్సులిన్ ఫ్రిజ్‌లో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, కరెంటు పోతే ఏం చేస్తారు? మంచాన ఉన్నవాళ్ళను ఎవరు మోస్తారు, ఎక్కడికి? హైవే పక్క బిల్డింగులో మీ అమ్మగారికి రెండో అంతస్తు ఇస్తామన్నారేమో కనుక్కోండి. లిఫ్టు ఆగితే వాకరు మనిషి దిగలేదు. కింది గదే అడగండి. ఆసుపత్రి దూరం కూడా లెక్కలోకి తీసుకోండి. ఊళ్ళో ఉన్న పాత ఇంటి నుంచి మెడికల్ కాలేజీ ఆసుపత్రికి ఎంతసేపు, హైవే మీది దానినుంచి ఎంతసేపు, ఒకసారి ఆటోలో వెళ్ళి చూసుకోండి.

చేర్చేలోగా ఆవిడ ఆధార్‌తో ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి. డెబ్బై దాటినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు వస్తుంది. 2024 అక్టోబరులో మొదలైంది, ఒడిశా 2025లో చేరింది. ఆశ్రమంవాళ్ళు రాయించుకునే ఒప్పందంలో డిపాజిట్టు ఎప్పుడు, ఎంత తిరిగి ఇస్తారో, డైపర్లు, మందులు, ఆసుపత్రిలో పక్కన ఉండే మనిషి ఖర్చు ఎవరిదో చూసుకోండి. 18 వేలు అన్నది నెల తిరిగేసరికి 26 వేలు అవ్వడం ఇక్కడే జరుగుతుంది.

మీ తమ్ముడి సంగతి. ఇల్లు రాయొద్దని నేను అనను, రాయమనీ అనను. ఆ ఇల్లు మీ అమ్మగారిది, ఆవిడకు తెలివిగా ఉన్న రోజు ఆవిడే చెప్పాలి. రాస్తే మాత్రం ఆవిడ పోషణ, వైద్యం చూస్తాననే షరతు దస్తావేజులోనే రాయించండి. ఇందాక చెప్పిన 2007 చట్టం 23వ సెక్షను ప్రకారం ఆ షరతు మీద రాసిన ఆస్తి, మాట తప్పితే రద్దు చేయమని ట్రిబ్యునలును అడగవచ్చు. నోటిమాట షరతును రుజువు చెయ్యడం కష్టం. రాయకపోయినా తల్లిని చూడాల్సిన బాధ్యత ఇద్దరి మీదా ఉంది. సబ్‌కలెక్టరు దగ్గరి ట్రిబ్యునలు నెలకు 10 వేల దాకా ఇప్పించవచ్చు, లాయరు అక్కర్లేదు. అమ్మ ఉండే జిల్లాలో గానీ, పిల్లలు ఉండే జిల్లాలో గానీ వెయ్యవచ్చు. అతను సూరత్‌లో ఉన్నాడని బరంపురంలో దరఖాస్తు ఆగదు. అంతదాకా రాకుండా ముందు ఫోనులో మాట్లాడండి. ఖర్చులో వంతు ఇస్తానంటే అదే చాలు.

చేరాక ఏదైనా తేడా అనిపిస్తే, ఓనరు వినకపోతే, వృద్ధుల హెల్ప్‌లైను 14567కు చెయ్యండి. జిల్లా సామాజిక భద్రత అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద సంతకం తీసుకోండి. మొదటి నెల మాత్రం వారానికొకసారి ఎవరో ఒకరు వెళ్ళాలి, ప్రతిసారీ వేరే వేళకు. వెళ్ళినప్పుడు దుప్పటి తీసి మడమలు చూడండి, నాలుక తడిగా ఉందో లేదో చూడండి.

రెండింటిలో ఏదని అడిగారు. చూడకుండా చెప్పలేను. నా మనసు మాత్రం ఆ పాత ఇంటి వైపే లాగుతోంది. పద్నాలుగు మందే కాబట్టి ఒకరి దగ్గు ఇంకొకరికి వినిపిస్తుంది. కానీ పాత ఇళ్ళలో బాత్రూం పెరట్లో ఉంటుంది, గడపలు ఎత్తుగా ఉంటాయి, వాకరు దాటదు. ఆ ఒక్కటీ బాగోలేకపోతే నా మాట వెనక్కి తీసుకుంటాను. వచ్చే వారం రాత్రి ఎనిమిదిన్నరకు వెళ్ళి ఆ గడప ఎన్ని అంగుళాలో, తలుపు ఎటు తెరుచుకుంటుందో, రాత్రి ఆయా పేరేమిటో నాకు రాయండి.